ఉప్పు తిన్న బండి

దీని పేరు సన్నీ.
ఎండ అని పేరు పెట్టుకుని
నవంబరు వస్తే ఎండ మొహమే చూడని ఊళ్ళో
ముప్ఫై ఏళ్ళుగా తిరుగుతోంది.

మా ఈసల్మిలో చలికాలం రోడ్లమీద ఉప్పు చల్లుతారు.
మంచు కరుగుతుంది.
మెల్లగా, ఎవరూ చూడనప్పుడు, ఇనుమూ కరుగుతుంది.
ఉప్పు తిన్న విశ్వాసం అంటారు చూడండి,
మా ఇంట్లో ఇంత ఉప్పు తిన్నవాళ్ళు లేరు,
ఇంత విశ్వాసంగా ఉన్నవాళ్ళూ లేరు.

రాత్రి పార్కింగు స్తంభానికి వైరు తగిలించి
ఇంజనుకి కాస్త వెచ్చదనం ఇచ్చి పడుకుంటాను.
మైనస్ ఇరవై ఎనిమిదిలో
బడికి బద్ధకించే పిల్లలా
రెండుసార్లు మూలిగి, లేస్తుంది.

సీటు ముందు అరలో నీలం అట్ట నోటుబుక్కు.
మొదటి పేజీలన్నీ ఇల్మో రాత.
పొట్టి అక్షరాలు, పెన్సిలు.
తారీఖు, కిలోమీటర్లు, చేసిన పని. అంతే.
సైమి పుట్టిన రోజూ అందులో ఉంది:
"స్టార్టరు మోటారు పోయింది. పక్కింటివాళ్ళ వ్యానులో వెళ్ళాం."
ఎక్కడికో రాయలేదు.

రెండు లక్షల పదకొండు వేల దగ్గర
పేజీ మధ్యలో రాత మారుతుంది.
సిరా. నాది.
"ఆయిలు ఎక్కడ పోయాలో కనుక్కున్నాను."

ఇల్లు అమ్మి సగం సగం పంచుకున్నాం.
పడవ అతను తీసుకున్నాడు, బండి నాకొచ్చింది.
"దాని సంగతి నీకు తెలీదు" అన్నాడు తాళాలిస్తూ.
వెక్కిరింపు కాదు. బెంగ.
నా మీద కాదు.

తెలీదు, నిజమే.
గరాజు నేలమీద వెల్లకిలా పడుకుని
బోల్టు ఎటు తిప్పాలా అని
కళ్ళు మూసుకుని జాం సీసా మూత తలుచుకున్నాను.
విప్పుకుంది.
మోచేతి దాకా నల్లని వేడి నూనె.
మళ్ళీ బిగించేటప్పుడు భయమేసి ఫోను చేశాను.
"రాగి వాషరు కొత్తది వెయ్యి" అన్నాడు,
"మరీ బిగించకు."

అప్పట్నుంచి మేం మాట్లాడుకునేదంతా ఇదే.
మూడో గేరు గొణుగుతోంది, అంటాను.
"దాని స్వభావం అంత. పట్టించుకోకు."
ఆ మాట అప్పట్లో ఇంకో సంగతిలో అనుంటే—
సరే, పోనీ.

ఈ ఏడు తనిఖీలో
టార్మో అనే కుర్రాడు స్క్రూడ్రైవరుతో
ఎడమ తలుపు కింద పట్టీని తట్టాడు.
టీలో నానిన బిస్కెట్టులోకి దిగినట్టు దిగింది.
"తుక్కుకి ఇస్తే ఎంతో కొంత వస్తుంది"
అన్నాడు, దయగానే.

ఆరు మంగళవారాలు సాయంత్రం బడికి వెళ్ళాను, వెల్డింగు నేర్చుకోవడానికి.
యాభై నాలుగేళ్ళకి, పదిహేడేళ్ళ మగపిల్లల మధ్య.
"వెలుగుని చూడకండి, కరిగిన చుక్కని చూడండి"
అంటుంది మా టీచరమ్మ ఆయిలి.
కుళ్ళింది కోస్తుంటే ఇంకా కుళ్ళింది కనిపిస్తుంది.
ఎక్కడో ఒకచోట గట్టి ఇనుము తగులుతుంది,
రంపం గొంతు మారుతుంది.
అక్కడ ఆగాలి.

కోసిన బోలు పట్టీలోంచి రాలినవి:
గుప్పెడు ఇసుక, పైన్ ఆకులు,
ఒక పది నంబరు సాకెట్టు.

ఆ సాకెట్టే.
"నువ్వే ఎక్కడో పెట్టావు" అని అతను,
నీ ఇనప ముక్కలు నాకెందుకని నేను,
ఒక వేసవిలో తొమ్మిది రోజులు మాటల్లేవు.
సైమి ఇద్దరి మధ్యా చీటీలు మోసింది.
ఇన్నేళ్ళూ అది మాతోనే తిరిగింది,
సరస్సుకి, ఆస్పత్రికి, కోర్టుకి.

నా అతుకు వంకర. రంగు వేసినా తెలుస్తుంది, బొంత కుట్టులా.
టార్మో సుత్తితో కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు.
ముద్ర వేశాడు.

సాయంత్రం ఫోను.
"పాసయిందా?"
అయింది.
"పట్టీ ఎవరు వేశారు?"
నేనే.
చాలాసేపు ఏమీ వినపడలేదు.
తర్వాత, "లోపల మైనం కొట్టావా, తుప్పు పట్టకుండా?"
కొట్టాను.

సాకెట్టు నా కోటు జేబులో ఉంది.
చెప్పలేదు.
నోటుబుక్కు తీసి రాశాను:
ఏప్రిల్ పద్నాలుగు. మూడు లక్షల ఆరు వేల రెండు వందల తొంభై.
ఎడమ పట్టీ వెల్డింగు. పది నంబరు దొరికింది.
ఎక్కడో రాయలేదు.